మందుతోబాటు మనిషీ కావాలి
(రేడియోలో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఇంట్లో ఒకరికి చక్కెర వ్యాధి ఉందనుకోండి. పక్కింటావిడ కాఫీ ఇవ్వబోతే "మా వారికి పంచదార వెయ్యకండి వదినగారూ" అని గుమ్మంలోనే చెప్పేస్తాం. బి.పి. ఉంటే చెబుతాం. మోకాళ్ళ నొప్పులుంటే చెబుతాం. గుండె ఆపరేషనయితే ఎంత ఖర్చయిందో కూడా చెబుతాం. ఆవిడా ఊరుకోదు. తన ఆడబడుచుకి వచ్చినప్పుడు ఏ డాక్టరు చూశాడో, ఏం పథ్యం పెట్టారో చెబుతుంది. రోగం ఎక్కడిదక్కడే ఉంటుంది గాని, మనసులో బరువు సగం దిగిపోతుంది.

అదే ఇంట్లో ఇరవయ్యేళ్ళ కుర్రాడు కాలేజీ మానేసి, గది తలుపు వేసుకుని, తనలో తాను మాట్లాడుకుంటూ, "గోడ అవతల అందరూ నన్ను గురించే అనుకుంటున్నారు" అంటున్నాడనుకోండి. అప్పుడేం చేస్తాం? ముందు వీధి తలుపు వేస్తాం. "అబ్బాయి కనబడడం లేదేం?" అని ఎవరైనా అడిగితే "పరీక్షలకి చదువుకుంటున్నాడండీ" అంటాం. ఆ పరీక్షలు ఏళ్ళ తరబడి సాగుతూనే ఉంటాయి. పేరంటాలకి వెళ్ళడం తగ్గిస్తాం. వెళితే వాళ్ళనీ మనింటికి పిలవాలి కదా!

ఆ మూసిన తలుపు గురించే ఇవాళ నాలుగు మాటలు చెబుదామనుకుంటున్నాను. తలుపుకి ఇవతల ఉన్నవాళ్ళ కోసమూ, అవతల ఉన్నవాళ్ళ కోసమూ కూడా.

మనసు బాగాలేకపోవడం అందరికీ ఉంటుంది. నేను చెబుతున్నది అది కాదు. స్కిజోఫ్రేనియా, బైపోలార్, మనిషిని మంచానికి అతికించేసే తీవ్రమైన డిప్రెషన్, ఇటువంటివి తీవ్రమైన మనోవ్యాధులు. స్కిజోఫ్రేనియాలో ఎవరూ మాట్లాడకపోయినా మాటలు వినిపిస్తాయి, లేని అనుమానాలు గట్టి నమ్మకాలైపోతాయి. బైపోలార్‌లో కొన్నాళ్ళు పట్టరాని ఉత్సాహం, నిద్ర లేకపోవడం, చేతికందిన డబ్బల్లా ఖర్చు పెట్టడం. మరి కొన్నాళ్ళు అంతులేని దిగులు. ప్రపంచం మొత్తం మీద సుమారు మూడు వందల మందిలో ఒకరికి స్కిజోఫ్రేనియా ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంటే మీరుండే కాలనీలో వెయ్యి మంది ఉంటే ముగ్గురన్నమాట. ఆ ముగ్గురూ మీకెవరికీ తెలియకపోతే, అక్కడ మూడు తలుపులు మూసి ఉన్నాయని అర్థం.

చాలామందికి ఇది పదహారు, పద్ధెనిమిదేళ్ళ వయసు నుంచి ముప్ఫయ్యేళ్ళ లోపున మొదలవుతుంది. చదువు, ఉద్యోగం, పెళ్ళి, అన్నీ కుదురుకోవలసిన వయసు. తల్లి పెంపకం సరిగా లేక వచ్చేది కాదు. గాలి సోకి వచ్చేది కాదు. మెదడు పనిచేసే తీరులో వచ్చే మార్పు, వంశంలో ఉన్న లక్షణాలు, బతుకులో తగిలిన దెబ్బలు, ఇలా ఎన్నో కలిస్తే వచ్చే జబ్బు. మందులున్నాయి. 1950ల మొదట్లో క్లోర్‌ప్రొమజీన్ అనే మందు వచ్చిన దగ్గర్నుంచి ఇవాళ్టి దాకా ఎన్నో మంచి మందులు వచ్చాయి. అయినా, బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో, మానసిక వ్యాధులున్నవారిలో నూటికి డెబ్భై మందికి పైగా ఏ చికిత్సా అందడం లేదని తేలింది. డాక్టర్లు తక్కువ కావడం ఒక కారణమైతే, మనం దాచడం ఇంకో కారణం.

ఎందుకు దాస్తాం? ఒకటి, వేళాకోళం. ఎవరైనా కొంచెం తిక్కగా మాట్లాడితే హైదరాబాదులో "ఎర్రగడ్డకి పంపించాలి" అంటారు. కోస్తా జిల్లాల్లో "విశాఖపట్నం తీసుకెళ్ళాలి" అంటారు. రోగం నయం చేసే ఆసుపత్రి పేరే మన నోట్లో తిట్టయిపోయింది. రెండు, పెళ్ళి. "పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు" అని మనకో సామెత ఉంది. నవ్వుకోవడానికి చెప్పిన సామెతని పట్టుకుని ఎంతమంది పెద్దవాళ్ళు నిజంగానే పెళ్ళి చేసేస్తున్నారో మీకు తెలుసు. మందులు వాడుతున్న సంగతి చెప్పకుండా మూడు ముళ్ళూ వేయిస్తారు. కొత్త కాపురంలో మాత్రలు ఎక్కడ దాచుకోవాలో తెలియక ఆ పిల్ల మానేస్తుంది. ఆరు నెలలు తిరక్కుండా జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు మోసం చేశారంటూ రెండు కుటుంబాలూ వీధిన పడతాయి. మధ్యన నలిగిపోయేది ఆ పిల్లే.

సరే, దాచకుండా డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళాం. మందులు పనిచేశాయి. మాటలు వినిపించడం తగ్గింది. ఇంటికి తీసుకొచ్చాం. అంతటితో అయిపోయిందా?

అసలు కష్టం అక్కడ మొదలవుతుంది. ఒక్కసారి ఆ మనిషి వైపు నుంచి చూడండి. తనతో చదువుకున్నవాళ్ళందరూ ఉద్యోగాల్లో చేరిపోయారు. ఫోను చేసేవాళ్ళు లేరు. మందుల వల్ల పొద్దున్నే లేవలేకపోవడం, ఒళ్ళు రావడం, కొందరికి చేతులు వణకడం. ఇంట్లో అందరూ మంచివాళ్ళే, కాని అందరూ అడిగేది ఒకటే ప్రశ్న: "మాత్ర వేసుకున్నావా?" పొద్దున్నా అదే, రాత్రీ అదే. కాస్త గట్టిగా నవ్వితే తల్లి కంగారుగా చూస్తుంది. కాస్త విసుక్కుంటే తండ్రి "డాక్టరుకి ఫోను చెయ్యనా?" అంటాడు. అందరిలాగే కోపం తెచ్చుకునే హక్కు కూడా పోయింది. తను ఒక మనిషినన్న సంగతి మరిచిపోయి, ఒక రోగిని అనుకోవడం మొదలుపెడతారు. మందు మాటల్ని ఆపగలదు గాని, పోయిన స్నేహితుల్ని తేలేదు.

ఇక్కడే తోటివారి ఆసరా కావాలి. తోటివారంటే ఇరుగుపొరుగు అని మాత్రమే కాదు నా ఉద్దేశం. అదే జబ్బు పడి, అదే మందు మింగి, అదే చీకట్లోంచి నడిచి వచ్చినవాళ్ళు. "తనదాకా వస్తేగాని తెలియదు" అంటారు చూడండి, తనదాకా వచ్చి తెలుసుకున్నవాళ్ళు. డాక్టరు గారు ఎంత మంచివారైనా, బయట నలభై మంది కూర్చుని ఉంటే ఆయన మనకివ్వగలిగింది పది నిమిషాలు. ఆయన "తగ్గుతుంది" అంటే నమ్మకం కలుగుతుంది. కాని ఎదురుగా కూర్చున్న మనిషి "నాకూ అలాగే వినిపించేవి. ఇవాళ బస్సెక్కి ఒక్కదాన్నే వచ్చాను" అంటే ఆ నమ్మకం వేరు. వచ్చినావిడే సాక్ష్యం!

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1940లలో అమెరికాలో న్యూయార్కు దగ్గర రాక్‌లాండ్ ప్రభుత్వ మానసిక వైద్యశాల నుంచి బయటికి వచ్చిన కొందరు, ఊళ్ళో తమకెవరూ లేరని గ్రహించి, ఒకళ్ళనొకళ్ళు వెతుక్కుని కలుసుకోవడం మొదలుపెట్టారు. తమ జట్టుకి వాళ్ళు పెట్టుకున్న పేరుకి అర్థం "మేం ఒంటరివాళ్ళం కాము" అని. 1948లో వాళ్ళ కోసం ఒక ఇల్లు కొన్నారు. ఆ ఇంటి పెరట్లో చిన్న ఫౌంటెన్ ఉండేది. అందుకని దానికి ఫౌంటెన్ హౌస్ అని పేరొచ్చింది. అక్కడికి వచ్చేవాళ్ళని రోగులనరు, సభ్యులంటారు. వంట చెయ్యడం, లెక్కలు రాయడం, వచ్చిన ఫోనుకి జవాబు చెప్పడం, అన్నీ సభ్యులే ఉద్యోగులతో కలిసి చేస్తారు. "మాత్ర వేసుకున్నావా?" అనే మాటకి బదులు అక్కడ వినిపించేది "ఇవాళ కూరలు ఎవరు తరుగుతారు?" అన్న మాట. తన అవసరం ఒకచోట ఉందని తెలియడంలో ఎంత బలముందో ఇల్లాళ్ళకి నేను వేరే చెప్పాలా?

మన దేశంలోనూ ఇటువంటి ఆలోచన ఉంది. దేశ విభజన తరువాత 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాల కిటకిటలాడిపోయేది. సిబ్బంది చాలరు. అప్పుడక్కడ పెద్ద డాక్టరుగా ఉన్న విద్యాసాగర్ గారు సైన్యం దగ్గర డేరాలు తీసుకుని ఆసుపత్రి ఆవరణలో వేయించారు. "మీవాణ్ణి ఇక్కడ వదిలేసి వెళ్ళకండి, మీరూ వచ్చి ఉండండి" అని కుటుంబాలను రమ్మన్నారు. వాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టి జబ్బు గురించి వివరించి చెప్పేవారు. పక్క పక్క డేరాల్లో కాపురం ఉన్న ఆ తల్లుల్ని ఒకసారి తలుచుకోండి. ఒకావిడ కొడుకు నిన్న వచ్చాడు, కేకలు పెడుతున్నాడు. పక్క డేరాలో ఆవిడ కొడుకు నెల రోజులైంది, కుండతో నీళ్ళు తెస్తున్నాడు. ఈవిడ ఆవిడకేసి చూస్తే చాలదూ? వెయ్యి ఉపన్యాసాలు ఎందుకు?

మన పొరుగున చెన్నైలో, దేశంలో మొట్టమొదటి మహిళా మానసిక వైద్యురాలని పేరు పొందిన డాక్టర్ శారదా మీనన్ గారు, ప్రభుత్వ వైద్యశాలలో ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరయ్యాక, 1984లో మరి కొందరితో కలిసి స్కార్ఫ్ అనే సంస్థను స్థాపించారు. స్కిజోఫ్రేనియా ఉన్నవారికి చికిత్సతోబాటు పని నేర్పడం, కుటుంబాలకు బోధపరచడం దాని పని. ఆవిడ 2021లో తొంభై ఎనిమిదో ఏట కన్నుమూసేనాటికి ఆ సంస్థ మన దేశంలోనే కాక బయట కూడా పేరు పొందింది. గుజరాత్‌లో 2014 తరువాత ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో ఇంకో అడుగు ముందుకు వేశారు. జబ్బు పడి కోలుకున్నవాళ్ళకే శిక్షణ ఇచ్చి, కొత్తగా వచ్చిన రోగులతో కూర్చుని మాట్లాడే కార్యకర్తలుగా నియమించారు. నిన్న ఆ వరండాలో వరసలో నిలబడ్డ మనిషే ఇవాళ అదే వరండాలో ఇంకొకరికి ధైర్యం చెబుతోందన్నమాట.

"ఇదంతా వినడానికి బాగుంది, నిజంగా ఉపయోగం ఉందా?" అంటారేమో. ఇంగ్లండులో జరిపిన ఒక పరిశోధన 2018లో ప్రచురించారు. జబ్బు ముదిరి అత్యవసర చికిత్స పొంది తేరుకుంటున్న 441 మందిని తీసుకుని రెండు జట్లుగా చేశారు. కోలుకోవడానికి ఏం చెయ్యాలో తామే రాసుకునే ఒక పుస్తకం రెండు జట్లకీ ఇచ్చారు. ఒక జట్టుకి ఆ పుస్తకం పోస్టులో పంపి ఊరుకున్నారు. రెండో జట్టుకి, ఆ జబ్బు అనుభవించిన ఒక మనిషి వచ్చి పక్కన కూర్చుని, పది సార్ల దాకా, ఆ పుస్తకం నింపడంలో సాయపడ్డారు. ఏడాది తిరిగేసరికి పోస్టులో పుస్తకం అందుకున్నవారిలో నూటికి 38 మందికి మళ్ళీ అత్యవసర చికిత్స కావలసివస్తే, మనిషి పక్కన కూర్చున్నవారిలో 29 మందికే కావలసివచ్చింది. పుస్తకం ఒకటే. తేడా అంతా పక్కన కూర్చున్న మనిషిదే! అన్ని పరిశోధనల్లోనూ ఇంత తేడా కనిపించిందని నేననను. కాని ఆశ, ధైర్యం, "నా బతుకు నా చేతిలో ఉంది" అన్న భావం, వీటికి తోటివారి ఆసరా మేలు చేస్తుందని చాలా చోట్ల తేలింది.

నలుగురు ఆడవాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటే ఏమవుతుందో మన తెలుగు దేశానికి ఒకరు నేర్పనక్కర్లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు అక్షరాలతోబాటు ఇళ్ళల్లో సారా పెడుతున్న బాధలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఎవరి ఇంట్లో గుట్టు వాళ్ళదనుకున్నంత కాలం అది వాళ్ళ వాళ్ళ ఖర్మ. అందరి ఇంట్లోనూ అదే అని తెలిసేసరికి అది ఉద్యమమైంది, సారా దుకాణాలు మూతపడ్డాయి. ఆ తరువాత డ్వాక్రా సంఘాలు. పొదుపు పుస్తకం మధ్యలో పెట్టుకుని వలయంగా కూర్చోవడం మన ఆడవాళ్ళకి అలవాటైన పని. మనోవ్యాధి ఉన్న ఇళ్ళకి మాత్రం ఆ వలయం ఎందుకు ఉండకూడదు?

ఎలా మొదలుపెట్టాలి? పెద్ద భవనం అక్కర్లేదు, రసీదు పుస్తకం అక్కర్లేదు. మీవాళ్ళకి చికిత్స చేస్తున్న డాక్టరు గారినో, అక్కడి సోషల్ వర్కరునో అడగండి: "మాలాంటి కుటుంబాలు ఇంకెవరైనా ఉంటే, వాళ్ళు ఒప్పుకుంటే, మమ్మల్ని కలపండి" అని. ముగ్గురు దొరికితే చాలు. నెలకి రెండు సార్లు, ఒకే రోజున, ఒకే వేళకి, ఎవరో ఒకరింట్లోనో, కాలనీ గ్రంథాలయంలోనో కూర్చోవచ్చు. జబ్బు పడ్డవాళ్ళు ఒక జట్టుగా, ఇంట్లోవాళ్ళు వేరే జట్టుగా కూర్చుంటే మంచిది. ఎందుకంటే అమ్మ ముందు చెప్పుకోలేని మాట కూతురికి ఉంటుంది, కూతురి ముందు ఏడవలేని ఏడుపు అమ్మకి ఉంటుంది. కాఫీకి మాత్రం అందరూ ఒకచోటికి రావాలి.

నాలుగు నియమాలు ముందే అనుకోండి. ఒకటి, ఇక్కడ అన్న మాట ఈ గుమ్మం దాటి పోకూడదు. ఈ నియమం తప్పితే సంఘం ఆ రోజే పోయినట్లు. రెండు, సలహాలివ్వకూడదు, అనుభవం చెప్పుకోవాలి. "నువ్విలా చెయ్యి" అనడం వేరు, "నేనిలా చేస్తే నాకు బాగుంది" అనడం వేరు. మూడు, ఒకరి మందు ఇంకొకరు మార్చకూడదు, మానమని చెప్పకూడదు. ఒక్కొక్కరి ఒంటికి ఒక్కొక్క మందు. "నాకు మగతగా ఉంటే డాక్టరుని అడిగి మాత్ర వేళ మార్పించుకున్నాను, మీరూ అడిగి చూడండి" అనవచ్చు. లిథియం వాడేవాళ్ళు ఎండాకాలంలో నీళ్ళు తక్కువ తాగకూడదనీ, డాక్టరు చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష మానకూడదనీ ఒకళ్ళకొకళ్ళు గుర్తు చేసుకోవచ్చు. నాలుగు, మాట్లాడడం ఇష్టం లేనివాళ్ళు ఊరికే కూర్చోవచ్చు. మూడు నెలలు నోరు విప్పని మనిషి నాలుగో నెలలో "కాఫీలో పంచదార తక్కువైంది" అంటే, అది ఆ రోజు శుభవార్తే!

ఇటువంటి కలయికలో తెలిసే చిన్న చిన్న సంగతులకు ఎంత విలువో చెప్పలేను. జబ్బు తిరగబెట్టే ముందు ఒక్కొక్కరికీ ఒక్కొక్క గుర్తు ఉంటుంది. చాలామందికి మొదట పోయేది నిద్ర. కొందరు స్నానం మానేస్తారు. కొందరు ఫోను కట్టేస్తారు. తన గుర్తులేమిటో బాగున్న రోజుల్లోనే ఒక కాగితం మీద రాసుకుని, "ఇవి కనబడితే ఫలానా వాళ్ళకి ఫోను చెయ్యండి" అని మూడు నెంబర్లు రాసిపెట్టుకోవాలి. అందులో ఒకటి డాక్టరుది, ఒకటి ఇంట్లోవాళ్ళది, ఒకటి తనలాంటి తోటిమనిషిది. చాలాసార్లు మొదట చేసే ఫోను ఆ మూడో నెంబరుకే!

దీనికి హద్దులు కూడా ఉన్నాయి. చచ్చిపోతానన్న మాట వినబడినా, అన్నం నీళ్ళు మానేసినా, తనకో ఇతరులకో హాని జరిగేట్టున్నా, అది సంఘంలో మాట్లాడుకునే వేళ కాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఏం చెయ్యాలో తోచకపోతే 14416కి ఫోను చెయ్యండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం టెలిమానస్ పేరుతో మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది. రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇంట్లో మన మాట తీరు గురించి కూడా ఒక్క మాట. ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్ళని ఇంట్లో అస్తమానం దెప్పుతూ, తప్పులెన్నుతూ ఉంటే జబ్బు తిరగబెట్టడం ఎక్కువని 1950ల నుంచీ లండన్‌లో చేసిన అధ్యయనాల్లో తేలుతూ వచ్చింది. 1980లలో చండీగఢ్‌లో కూడా ఇలాగే పరిశీలించారు. లండన్ కుటుంబాలకంటే మన కుటుంబాల్లో ఆ దెప్పుడు తక్కువని కనబడింది. మనకి అంత మంచి పేరు వచ్చింది, దాన్ని నిలబెట్టుకుందాం. "తిని కూర్చుంటున్నావు" అనే మాట కన్నా "ఈ చిక్కుడుకాయలు కాస్త ఒలిచిపెడతావా?" అనే మాట మంచి మందు. అలాగని అతిగా కనిపెట్టుకుని ఉండడమూ మంచిది కాదు. ముప్ఫయ్యేళ్ళ కొడుక్కి అన్నం కలిపి పెట్టే తల్లి వాడికి మేలు చేస్తున్నాననుకుంటుంది గాని, వాడి చేతుల్ని వాడికి కాకుండా చేస్తుంది.

చట్టం కూడా ఇప్పుడు వీళ్ళ పక్కన ఉంది. తమిళనాడులో ఏర్వాడి దగ్గర 2001 ఆగస్టు 6న ఒక ఆశ్రమంలో మంటలంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న మనోరోగులు పాతిక మందికి పైగా తప్పించుకోలేక కాలిపోయారు. ఆ ఘోరం దేశాన్ని కదిలించింది. 2017లో చేసి 2018 మే నుంచి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మనోరోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదని చెబుతోంది. సమాజంలో అందరి మధ్యా బతికే హక్కు ఇచ్చింది. జబ్బు తీవ్రమైనప్పుడు తనకి ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో బాగున్నప్పుడే రాసిపెట్టుకోవచ్చంది. శరీరానికి వచ్చే జబ్బులకి లాగే మానసిక జబ్బులకీ ఆరోగ్య బీమా ఇవ్వాలంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోనూ మనోవ్యాధికి చోటుంది. మనవాళ్ళు సదరం సర్టిఫికెట్ అని పిలుచుకునే ధ్రువపత్రం వీళ్ళూ అడగవచ్చు. ఏ కాగితాలు కావాలో, ఏ కిటికీ దగ్గర నిలబడాలో, అదివరకు తిరిగినావిడ ఒక్కర్తి సంఘంలో ఉంటే మిగతా పదిమందికీ కాళ్ళ తీపులు తప్పుతాయి.

ఇక ఆఖరి సంగతి. ఇటువంటి బిడ్డ ఉన్న ఏ తల్లినైనా కాసేపు కూర్చోబెట్టి మాట్లాడించండి. డబ్బు గురించి చెబుతుంది, మందుల గురించి చెబుతుంది, చివరికి గొంతు తగ్గించి ఒక ప్రశ్న అడుగుతుంది: "నేను పోయాక వీణ్ణెవరు చూస్తారు?" ఆ ప్రశ్నతోనే రాత్రిళ్ళు నిద్ర పట్టదు. అన్నదమ్ములున్నారు, కాని వాళ్ళ సంసారాలు వాళ్ళవి. ఒక్క మనిషి భుజం మీద మొత్తం బరువు పెడదామని చూసినంత కాలం ఈ ప్రశ్నకి జవాబు దొరకదు.

చెన్నైలో 1993లో ఇద్దరు యువతులు బానియన్ అనే సంస్థను మొదలుపెట్టారు, వీధుల్లో తిరిగే మనోరోగ స్త్రీల కోసం. ఆసుపత్రిలోనే ఏళ్ళ తరబడి ఉండిపోయినవారి కోసం వాళ్ళు 2015లో ఒక పద్ధతి పెట్టారు. నలుగురైదుగురు కలిసి మామూలు వీధిలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని ఉంటారు. తమ వంట తామే చేసుకుంటారు, బజారుకి తామే వెళతారు. సాయానికి ఒక కార్యకర్త ఉంటుంది. కన్నవాళ్ళు లేని చోట కూడా ఒకరికొకరు ఇల్లవడం సాధ్యమేనని వాళ్ళు చూపించారు. పక్క వాటాలో అటువంటివాళ్ళు అద్దెకి వస్తామంటే మనం ఇస్తామా? వాళ్ళింటికి సంక్రాంతికి అరిసెలు పంపిస్తామా? అమ్మ ప్రశ్నకి సగం జవాబు సంస్థల దగ్గర ఉంటే, మిగతా సగం మన దగ్గర ఉంది.

మీ ఇంట్లో ఇటువంటి జబ్బు లేకపోతే సంతోషం. అయినా మీరు చెయ్యగలిగింది ఉంది. మీ వీధిలో ఒక ఇల్లు మీకు తెలిసే ఉంటుంది. కిటికీ తలుపులు ఎప్పుడూ వేసి ఉంటాయి, ఆవిడ ఎవరితోనూ కలవదు. ఏమిటి, ఎందుకు అని ఆరా తియ్యకండి. ఏ బచ్చలికూరో, కరివేపాకో పట్టుకుని ఒకసారి వెళ్ళండి. మొదటిసారి గుమ్మంలోనే పంపించేస్తుంది. చిన్నబుచ్చుకోకుండా మళ్ళీ వెళ్ళండి. ఏదో ఒక రోజు ఆవిడ చెబుతుంది. చెప్పినప్పుడు "అయ్యో పాపం" అనకండి. "మా ఎరికలో ఫలానా స్వామి ఉన్నారు" అని కూడా అనకండి. "ఇవాళ ఒక గంట నేను అబ్బాయి దగ్గర కూర్చుంటాను, మీరు గుడికి వెళ్ళి రండి" అనండి చాలు.